రిబ్కా పేరూ, మా అత్తగారి అనుమానమూ

కిందటి నెలలో మా మనవరాలికి కాకినాడలో ఆడపిల్ల పుట్టింది. ఆస్పత్రి నుంచే ఫోను చేసి, "నానమ్మా, పాపకి నీ పేరే పెడుతున్నాం" అంది. సంతోషపడాల్సిన మాటే, కాదనను. కానీ నాకు ముందు వచ్చింది సంతోషం కాదు, అనుమానం. మా వాళ్ళలో ఇన్నేళ్ళుగా ఎంతమంది ఆడపిల్లలు పుట్టలేదు, ఎన్ని పేర్లు వెతుక్కోలేదు, ఒక్కరి నోటనైనా నా పేరు వచ్చిందా? ఇప్పుడు ఉన్నట్టుండి ఈ ప్రేమ ఎక్కడి నుంచి పుట్టుకొచ్చింది? నా దగ్గర ఏముందని? ఒక చెక్కపెట్టె, రెండు గాజులు, ఇంకా చిరగని నాలుగు నేత చీరలు. ఎందుకే అని నిలదీస్తే, ఫోనులో అర్థం చూశామంది. రిబ్కా అంటే ఒకచోట చూసినవాళ్ళను కట్టిపడేసే అందం అని ఉందట, మరొకచోట ముడి అని, ఇంకొకచోట పశువును కట్టే తాడు అని. మొదటిది వాళ్ళకి నచ్చిందట.

పేరుకి అర్థం చూసుకుంటే చాలా, ఆ పేరు ఏ ఇంట్లో ఏం చేసిందో కనుక్కోనక్కర్లేదా అన్నాను. "నువ్వు చెబితేగా నానమ్మా తెలిసేది" అంది. ఫోనులో చెప్పే సంగతి కాదని పెట్టేశాను. మూడో తరగతితో ఆగిపోయిన చదువు నాది, తప్పులుంటే సర్దుకోండి. నా ఈడువాళ్ళకైతే చెప్పిన దానికన్నా ఎక్కువే అర్థమవుతుందని రాస్తున్నాను.

నాకు ఈ పేరు పెట్టింది మా అమ్మమ్మ. ఆవిడకి అక్షరం ముక్క రాదు గాని చర్చిలో విన్న కథ ఒక్కటీ మరిచిపోయేది కాదు. దూరదేశం నుంచి వచ్చిన పెద్దమనిషి బావి దగ్గర దాహమడిగితే, రిబ్కా అతనికి నీళ్ళిచ్చి, అడక్కుండానే అతని ఒంటెలన్నిటికీ కూడా తోడిపోసిందట. నా మనవరాలూ అలాంటి చెయ్యి గలది కావాలని ఆవిడ ఆశ. ఒంటె ఎంత తాగుతుందో మా కోనసీమలో ఎవరికి తెలుసు గనక, మా అమ్మమ్మ మాత్రం ఒక్కొక్కటీ ఒక గోలెం తాగిందనే చెప్పేది.

అయితే ఆ రోజుల్లో మా వాళ్ళందరికీ రెండేసి పేర్లుండేవని మీకు తెలుసు. చర్చిలో ఒకటి, బడి పుస్తకంలో ఒకటి. బడిలో నేను సత్యవతిని. నాన్న లేకపోతే మా అమ్మే కొబ్బరి తాళ్ళు పేనుతూ మమ్మల్ని పెంచింది. కాయ వలిచిన కొబ్బరి డొక్కలు నీళ్ళగోతిలో నానబెట్టడం, కుళ్ళాక తీసి బాది పీచు లాగడం, ఎండబెట్టి పేనడం, ఇదీ మా ఇంటి పని, నాకు ఏడేళ్ళకే వచ్చిన విద్య. పెళ్ళిచూపులకి అంబాజీపేట పక్క నుంచి అత్తగారివాళ్ళు వచ్చినప్పుడు పిల్ల పేరేమిటంటే మా మేనమామ, ఊళ్ళో అందరూ పిలిచే పేరు కదా అని, సత్యవతి అన్నాడు. అంతకుమించి అందులో ఏ ఎత్తూ లేదు. కానీ పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదువుతారు కదా, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమని. మొదటి ఆదివారం వాళ్ళ ఊరి పాస్టరుగారు రిబ్కా అని చదివేసరికి, బెంచీల్లో కూర్చున్న మా అత్తగారు లేచి నిలబడ్డారట. అభ్యంతరం ఇంకెవరికో కాదు, పెళ్ళికొడుకు తల్లికే వచ్చింది.

ఆవిడ మనసులో మెదిలింది మా అమ్మమ్మ చెప్పిన బావి కథ కాదు. అదే కథలో రెండో సగం. రిబ్కా పెళ్ళయి, కవలలిద్దరిని కని, మొగుడు ఇస్సాకు ముసలివాడై చూపు పోయాక, పెద్దకొడుక్కి దక్కాల్సిన దీవెన చిన్నకొడుక్కి ఇప్పించిన సంగతి. మేకమాంసం రుచిగా వండి, చిన్నవాడి నున్నటి చేతులకి మేకపిల్లల తోళ్ళు చుట్టి పంపితే, గుడ్డి తండ్రి తడిమి చూసి, పెద్దవాడే అనుకుని దీవించేశాడు. ఇక మా అత్తవారింట్లో చూడండి. మావగారికి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి చూపు ఆనేది కాదు. కొడుకులు ఇద్దరే. నేను చేసుకోబోయేది చిన్నవాణ్ణి. ఆ పైన కోడలి పేరు రిబ్కా, పైగా ఆ పేరు దాచిపెట్టారు! పాస్టరుగారు నచ్చజెప్పబోయారట, రిబ్కా అంటే కట్టి ఉంచేదని పెద్దలు చెబుతారమ్మా, సంసారాన్ని కట్టి ఉంచుతుందని. "కట్టేది గొడ్డుని కదండీ అయ్యగారూ, మా ఇంట్లో ఎవర్ని కట్టడానికొస్తందంట?" అన్నారట ఆవిడ. ఆ మాట నేను కాపురానికి వెళ్ళేసరికే ఊరంతా తెలుసు.

పెళ్ళి ఆగలేదు, ఇచ్చిన మాట పోతుందని. నేను వెళ్ళిన నాటి నుంచి మాత్రం ఆ ఇంట్లో నాకు కొన్ని కట్టుబాట్లు ఏర్పడ్డాయి. మావగారికి అన్నం నేను వడ్డించకూడదు. మాంసం వండే రోజున నేను పొయ్యి దగ్గరికే వెళ్ళకూడదు, ఉల్లిపాయలు తరిగివ్వడం వరకే నా వంతు. మావగారి మంచం దగ్గరికి వెళ్తే ముందుగా పేరు గట్టిగా చెప్పాలి, ఆయన నా చెయ్యి తడిమి చూసుకోవాలి. మా తోటికోడలికి ఇవేవీ లేవు, ఆవిడ పేరు మరియమ్మ. మొదట్లో ఏడ్చేదాన్ని. తర్వాత్తర్వాత నేనూ అత్తగారిని కనిపెట్టి చూడటం మొదలుపెట్టాను. నేను లేనప్పుడు నా పెట్టె మూత జరిగి ఉందా, నేను వస్తుంటే మాట ఆగిందా, పెద్దకొడుకు పళ్ళెంలో చేప తల పడిందా, మా ఆయన పళ్ళెంలో తోక పడిందా, ఇవే నా ఆలోచనలు. ఒకరిని ఒకరం చూసుకోకుండా ఒక్క పూట గడిచేది కాదు.

మావగారు మాత్రం ఈ తంతునంతా వేడుకగా చూసేవారు, చూసేవారంటే వినేవారు. నా చెయ్యి తడిమినప్పుడల్లా, "ఏమ్మా, ఇయ్యాళ మేకతోలు చుట్టుకురాలేదా?" అని నవ్వేవారు. పీచు పేనిన చెయ్యి కదా, నాది నిజంగానే గరుకు. ఒకరోజు అత్తగారు ఏదో దెప్పుతుంటే ఆయన మంచం మీద నుంచే, "గుడ్డాడి పెళ్ళానివి నువ్వు. ఇద్దరు కొడుకుల్ని కన్నదానివీ నువ్వే. ఆ కథలో రిబ్కావి నువ్వవుతావు గాని, ఆ పిల్లెలా అవుద్దే?" అన్నారు. నాలో నేను ఎన్నోసార్లు అనుకున్న మాటే అది. ఆయన నోట వినేసరికి నవ్వు ఆగక దొడ్లోకి పరిగెత్తాను. అత్తగారు రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు, నేను నవ్వినందుకు నాతో వారం రోజులు.

ఇక తాడు సంగతి. మేం అప్పట్లో ఒక రైతుగారి కొబ్బరితోట గట్టున పాక వేసుకుని ఉండేవాళ్ళం. మావగారు దొడ్డి వైపు వెళ్ళాలంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి, మేమంతా పనుల్లోకి పోతే ఆయన ఒంటరిగా కూర్చుని ఎవరొస్తారా అని ఎదురుచూసేవారు. మగమనిషి, అడగడానికి సిగ్గు. తోటలో పారేసిన డొక్కలే నేను ఏరుకొచ్చి, నానేసి, పీచు తీసి, బొటనవేలు లావున తాడు పేని, ఆయన మంచం కోడు నుంచి దొడ్లో కొబ్బరిచెట్టు దాకా నడుం ఎత్తున కట్టాను. పట్టుకుని వెళ్ళడం, పట్టుకుని రావడం. మొదటి రోజు ఆయన అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగారు, పని లేకపోయినా.

మా అత్తగారు వచ్చి తాడును రెండుసార్లు గుంజి చూశారు. "ఎందుకు కట్టేవే?" అన్నారు.

"మావయ్యగారు తిరగడానికి అత్తా."

"ఎక్కడికి తిరగడానికి?"

చెప్పినా నమ్మే మనిషి కాదు. ఆవిడ పొద్దున విప్పేసేవారు, సాయంత్రానికి నేను కట్టేదాన్ని. పోట్లాట లేదు, మాట లేదు, విప్పడం, కట్టడం అంతే. చివరికి ఆయనే, తాడు జోలికి వస్తే అన్నం ముట్టనన్నాక ఆవిడ ఊరుకున్నారు.

అలా ఉండగా పేదవాళ్ళకి ఇళ్ళ స్థలాలు ఇస్తున్నారన్న కబురు వచ్చింది. ఇంటికొకటి, మూడు సెంట్లు. కరణంగారు ఫలానా పొద్దున బడి అరుగు మీద కూర్చుని జాబితా రాస్తారని, ఇంటిపెద్ద వచ్చి ఎవరి పేర రాయాలో చెప్పి వేలిముద్ర వెయ్యాలని చాటింపు వేశారు. ఈ రోజుల్లో మూడు సెంట్లంటే చులకనగా ఉంటుంది గాని, తరతరాలుగా ఒకరి గట్టు మీద బతికి, వాళ్ళు లేవమంటే లేవాల్సినవాళ్ళకి అదేమిటో నా ఈడువాళ్ళకి చెప్పక్కర్లేదు. పెద్దవాడి పేర రాయించాలని అత్తగారు తీర్మానించుకున్నారు. ఆ వారమంతా ఆవిడ నన్ను కన్నార్పకుండా చూశారు. మేకమాంసం మాట అటుంచి, నన్ను ఉల్లిపాయలు కూడా తరగనివ్వలేదు.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఇది మా ఆయనకి కూడా చెప్పలేదు, ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. జాబితా రాసే రోజుకి ముందు రోజు సాయంత్రం నేను ఆ తాడుకి మరో బారెడు, మరో బారెడు కలిపి, కొబ్బరిచెట్టు దగ్గర నుంచి పక్కగా తిప్పి, వీధి దడి దాకా కట్టాను. అత్తగారు పొద్దున్నే వరి ఊడ్పులకు పోయి, ఎండెక్కాక వచ్చి ఆయన్ని బడికి తీసుకెళ్ళేలా ఉన్నారు, ఆవిడ వచ్చేలోగా మావగారిని తాడు పట్టించి వీధిలోకి తెచ్చి, అక్కడి నుంచి బడి దాకా నేనే తీసుకెళ్ళి, మా ఆయన పేరు చెప్పమని బతిమాలాలని నా ఆలోచన. ఆయన నా మాట కాదనరని నాకు తెలుసు. మేకతోలు నేనూ సిద్ధం చేసుకున్నాను, కాకపోతే అది పీచుతో పేనింది.

పొద్దున్న లేచేసరికి తాడు లేదు. వీధి ముక్కే కాదు, మొత్తం లేదు. మంచం కోడుకి ముడి గుర్తు మాత్రం ఉంది. అత్తగారు ఊడ్పులకి పోలేదు, గుమ్మంలో కూర్చుని నా మొహంలోకి చూస్తున్నారు. నేను ఏమీ ఎరగనట్టు చీపురు అందుకున్నాను. ఇద్దరం ఒకరినొకరు కనిపెట్టుకోవడంలో పడ్డాం గాని, మావగారు లేచింది ఇద్దరం చూడలేదు. ఆయన అలవాటు కొద్దీ చెయ్యి చాచి, తాడు కోసం గాలిలో వెతుక్కుంటూ, దొడ్లోకి వెళ్ళి, చెట్టు దగ్గర కాకుండా పక్కకి తిరిగారు. పక్కన నేను డొక్కలు నానేసిన గొయ్యి ఉంది.

చప్పుడు విని పరిగెత్తేసరికి ఆయన నల్లటి నీళ్ళలో గుండెల దాకా ఉన్నారు. గట్టు పాకుడు, పట్టు లేదు, కాళ్ళ కింద కుళ్ళిన డొక్కలు జారుతున్నాయి. నేను పడుకుని చెయ్యి చాపితే అందలేదు. "అత్తా, తాడెక్కడ పెట్టేవు? తాడివ్వు!" అని అరిచాను.

ఆవిడ కదల్లేదు. ఒక్క క్షణమే, కానీ నేను చూశాను. అంత ఆపదలోనూ నా మొహం చూసి, ఇదీ నా ఎత్తేనేమో అని ఆవిడ ఆలోచించారు. ఆ తర్వాత పైట తప్పించి, చీర కుచ్చిళ్ళ మీద నుంచి తాడు విప్పడం మొదలుపెట్టారు. ఎక్కడ దాచినా నేను వెతికి పట్టుకుంటానని, బారలకు బారల తాడు నడుం చుట్టూ చుట్టుకున్నారు. విప్పుతుంటే ఆవిడ గిరగిరా తిరగాల్సి వచ్చింది. పీచు ఒరుసుకుని నడుమంతా ఎర్రగా కందిపోయింది. ఎప్పటి నుంచి అలా చుట్టుకుని ఉన్నారో!

తాడు విసిరితే మావగారు చంకల కింద చుట్టుకున్నారు. నేనొక్కదాన్నే లాగలేకపోయాను, ఆవిడొక్కరే లాగలేరు. ఇద్దరం ఒకే తాడు పట్టుకుని కొబ్బరి మొదలుకి కాలు తన్నిపెట్టి లాగితే పైకి వచ్చారు. బురదలో కూర్చుని రొప్పుతూ ఆయన, "కట్టినోళ్ళెవరో తెలుసు, విప్పినోళ్ళెవరో తెలుసు. ఎక్కడి దాకా కట్టేరో కూడా తెలుసు. రాత్తిరి నేను వీధి దాకా ఓ తూరి ఎల్లొచ్చేను" అన్నారు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఆయనకి నీళ్ళు పోసి, పంచె మార్చి, బడికి బయలుదేరదీశాం. నేను తీసుకెళ్తే ఆవిడకి నమ్మకం లేదు, ఆవిడ తీసుకెళ్తే నాకు నమ్మకం లేదు, అందుకని ఇద్దరం చెరో చెయ్యి పట్టుకున్నాం. దారిలో చూసినవాళ్ళు, అత్తాకోడళ్ళు ఎంత అన్యోన్యంగా ఉన్నారో అనుకున్నారట.

కరణంగారు తలెత్తకుండానే, ఏ కొడుకు పేర రాయమంటావురా అని అడిగారు. మావగారు వేలు ముందుకి చాపి, "కొడుకుల పేర ఎందుకు బాబూ. మా ఇంటిదాని పేర పడెయ్యండి" అన్నారు. అరుగు కింద నిలబడ్డవాళ్ళు నవ్వారు. మా అత్తగారు నవ్వలేదు. "నా పేరా? నా పేరెందుకంట?" అన్నారు. ఇంటికి వచ్చేదాకా అదే మాట. ఎవరు చెప్పమన్నారు, ఎప్పుడు చెప్పేరు, దీన్లో ఏవుంది? ఏమీ లేదని మావగారు ఎంత చెప్పినా, ఆ కాగితం పెట్టెలో పెట్టి తాళం వేస్తూ కూడా నా వైపు ఓ చూపు చూశారు.

ఆ మూడు సెంట్లలోనే రెండు పాకలు వేశాం, మధ్యన ఒకటే గోడ. ఆవిడ పేరున ఉన్నంతకాలం అన్నదమ్ములు ఒకరినొకరు లేవమనే దారి లేకపోయింది. తర్వాత పెంకులు, తర్వాత శ్లాబులు వచ్చాయి గాని ఆ గోడ అదే. ఇప్పటికీ మా బావగారి పిల్లలు అటు, మా పిల్లలు ఇటు.

మావగారు మరో నాలుగేళ్ళు బతికారు. వయసు ఎనభై దాటేసరికి మా అత్తగారి కళ్ళూ ఆయన దారే పట్టాయి. ఆపరేషను అంటే వినేవారు కాదు, కత్తి పట్టుకున్నవాణ్ణి ఎలా నమ్ముతామనేవారు. ఒకరోజు, "ఆ తాడు ఎక్కడ పెట్టేవే?" అన్నారు, ఎవరితోనో అన్నట్టు. పాతది చీకిపోతే కొత్తది పేని కట్టాను. ప్రతి పొద్దునా ముందు రెండుసార్లు గుంజి చూసేవారు. తర్వాత అడిగేవారు.

"ఎక్కడి దాకా కట్టేవు?"

"దొడ్డి దాకానే అత్తా."

"వీధి దాకా కట్టలేదు కదా?"

"లేదత్తా."

అన్నేళ్ళలో ఆ ప్రశ్న వెయ్యని పొద్దు లేదు. నాకు విసుగ్గా ఉండేది, లోపల ఎక్కడో భయంగానూ ఉండేది. ఆఖరి రోజుల్లో, మంచం దిగలేని స్థితిలో, తాడుతో పని లేకపోయినా దాని చివర చేతికి అందేలా పెట్టమన్నారు. నేను గంజి తాగిస్తుంటే నా చెయ్యి పట్టుకుని, అరచెయ్యి అంతా తడిమి, "ఆ రోజు నువ్వు వీధి దాకా కట్టేవు" అన్నారు. ఈసారి అది ప్రశ్న కాదు.

"ఆయ్, కట్టేను" అన్నాను.

"నాకు తెలుసు" అన్నారు. ఆ మొహం మీద కోపం లేదు. ఎన్నో ఏళ్ళుగా తనొక్కర్తే మోస్తున్న బరువును ఎవరో వచ్చి అందుకున్నట్టు మొహం తేటపడింది. "మరి అన్నం దగ్గిరికి రానియ్యలేదని ఏడిసేవు" అని, నా చేతి గంజి మిగల్చకుండా తాగారు.

ఇదంతా మనవరాలికి చెప్పాను, పాపను తీసుకుని కిందటి వారం వచ్చినప్పుడు. అది ఓపిగ్గానే విన్నది గాని, ఒక పేరు చూసి అంత భయపడతారా నానమ్మా అంది. ఈ రోజుల్లో శుక్లాలు పొద్దున వెళ్తే మధ్యాహ్నానికి తీసేస్తున్నారు, తాళ్ళు ప్లాస్టిక్‌వి వచ్చాయి, డొక్కలు లారీల్లో ఎక్కడికో పోతున్నాయి. పేర్లకి కరువు లేదు, ఏది బాగుంటే అది. ఆ పేరు పెట్టుకుని చర్చిలో నిలబడితే ఇప్పుడు లేచి అభ్యంతరం చెప్పేవాళ్ళెవరూ లేరు. అభ్యంతరం చెప్పేంతగా ఆ కథను నమ్మినవాళ్ళు లేరు గనక. మా అత్తగారు నన్ను నమ్మలేదు నిజమే. కానీ నా పేరును ఆవిడ నమ్మినంతగా నేను కూడా ఎన్నడూ నమ్మలేదు.

పేరు పెట్టుకోమన్నాను. దొరికిన నాలుగు డొక్కలు నానేసి, వేళ్ళు వంగకపోయినా ఉయ్యాలకి తాడు పేనాను, కొన్నది ఎందుకు, దండగ. మనవరాలు దాన్ని చేతిలోకి తీసుకుంది. పాపను పడుకోబెట్టబోయేముందు ఆగి, నా మొహం వంక ఒకసారి చూసి, తాడును గట్టిగా రెండుసార్లు గుంజి చూసింది.